చిన్ షి హువాంగ్ గురించి మనం చదివేది ఎంతవరకు నిజం?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ గురించి మనకు తెలిసిందంతా దాదాపు ఒక్క పుస్తకం నుంచే వచ్చింది. అది రాసింది ఆయన వంశం కూలిపోయాక వచ్చిన హాన్ వంశం కాలంలో. గెలిచినవాళ్ల చరిత్రను ఎలా నమ్ముతాం? పుస్తకాలు తగలబెట్టడం, 460 మంది పండితులను బతికుండగానే పాతిపెట్టడం, ఇవన్నీ కల్పితాలేనా?"

ఇరవై ఏళ్లకు పైగా ప్రాచీన చైనా చరిత్ర చదువుతున్నాను, కాలేజీలో పాఠం చెబుతున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. మొదట్లో నేను కూడా "హాన్ వాళ్లు రాశారు కాబట్టి సగం తీసేసి చదవండి" అని చెప్పేవాణ్ని. ఇప్పుడు అలా చెప్పను. ఏ సగం తీసెయ్యాలో తెలియకుండా సగం తీసెయ్యడం వల్ల లాభం లేదు. మొత్తం పుస్తకం నమ్మొచ్చా లేదా అని ఒకే తీర్పు కోసం వెతికితే దారి తప్పుతాం. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, "ఈ మాట రాసినాయన దాకా ఎలా వచ్చింది?" అని అడగాలి. అదే పుస్తకంలో ఒక వాక్యం రాజ్య దస్తావేజు నుంచి వచ్చి ఉంటుంది, పక్క వాక్యం కర్ణాకర్ణిగా విన్న కథ అయి ఉంటుంది.

ముందు ఆ రాసినాయన గురించి. పుస్తకం పేరు 'షి జీ', రాసింది సిమా చియాన్. 130 అధ్యాయాలు, ఐదు లక్షలకు పైగా అక్షరాలు. ఆరో అధ్యాయం మొదటి చక్రవర్తి చరిత్ర. చక్రవర్తి క్రీ.పూ. 210లో చనిపోయాడు. సిమా చియాన్ పుట్టింది క్రీ.పూ. 145 ప్రాంతంలో, పుస్తకం ఒక కొలిక్కి వచ్చింది క్రీ.పూ. 91 ప్రాంతంలో. అంటే వందేళ్లకు పైగా దూరం. ఆయన హాన్ ఆస్థాన చరిత్రకారుడు, తండ్రి సిమా తాన్ కూడా అదే పదవి చేశాడు. పుస్తకం పని మొదలుపెట్టింది ఆయనే.

"గెలిచినవాళ్ల చరిత్ర" అనే మాట సిమా చియాన్‌కు సరిగ్గా అతకదు. శత్రువుకు లొంగిపోయిన లీ లింగ్ అనే సేనాని తరఫున మాట్లాడినందుకు, హాన్ చక్రవర్తి వూ ఆయనకు వృషణాలు తీయించే శిక్ష వేయించాడు. పుస్తకం పూర్తి చెయ్యాలనే ఒక్క కారణంతో ఆ అవమానాన్ని భరించి బతికానని సిమా చియాన్ ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. అలాంటి మనిషి హాన్ వంశానికి బాకా ఊదడానికి కూర్చోలేదు. హాన్ వంశ స్థాపకుడు ల్యూ బాంగ్ శత్రువుల నుంచి పారిపోతూ, బండి బరువు తగ్గించుకోవడానికి సొంత కొడుకును, కూతురును కిందికి తోసేశాడని కూడా ఈయనే రాశాడు.

అయినా పక్షపాతం లేదని అనను. అది వేరే చోట ఉంది. సిమా చియాన్ కళ్లముందు ఉన్న వూ చక్రవర్తి కూడా అమరత్వం ఇచ్చే మందు కోసం మాంత్రికులను నమ్మాడు, తాయ్ పర్వతం మీద పూజలు చేశాడు, ఎడతెగని యుద్ధాలు నడిపాడు. చిన్ షి హువాంగ్ చేసినవీ ఇవే. ఆరో అధ్యాయంలో మాంత్రికుల మాటలు విని మోసపోయే రాజును చదువుతుంటే, సిమా చియాన్ తన రాజును చూస్తూనే ఆ పాత రాజును రాశాడేమో అనిపిస్తుంది. కాబట్టి ఆ విషయాల మీద ఆయన ఎంత రాశాడో, ఎందుకంత రాశాడో కొంచెం జాగ్రత్తగా చూడాలి.

ఇక ఆయన చేతిలో ఏముంది? చిన్ రాజ్యం జయించిన రాజ్యాల చరిత్రలు క్రీ.పూ. 213లో తగలబెట్టారు. క్రీ.పూ. 206లో షియాంగ్ యూ అనే తిరుగుబాటు సేనాని రాజధాని షియెన్‌యాంగ్‌లోని రాజభవనాలకు నిప్పు పెట్టాడు. మంట మూడు నెలలు ఆరలేదని 'షి జీ' చెబుతుంది. అంతకుముందే ల్యూ బాంగ్ మంత్రి షియావ్ హ చట్టాలు, పటాలు, లెక్కల పుస్తకాలు బయటికి తెచ్చాడు కాబట్టి కొన్ని మిగిలాయి. పదిహేనో అధ్యాయంలో సిమా చియాన్ తన కష్టం తానే చెప్పుకుంటాడు: మిగిలింది చిన్ రాజ్యపు రికార్డు ఒక్కటే, అందులో నెలలు, రోజులు లేవు, రాత కూడా పొడిపొడిగా ఉంది అని. అదే చోట ఇంకో మాట కూడా అంటాడు. చిన్ వంశం కొద్దికాలమే ఉందని చూసి, మొదలూ చివరా పరిశీలించకుండా నవ్వే పండితులు చెవులతో తిండి తినేవాళ్లలాంటివాళ్లు అని! విన్నదాన్నే రుచి అనుకునేవాళ్లు అని అర్థం. చిన్ వంశాన్ని దుమ్మెత్తిపోయడమే ఉద్దేశమైన రచయిత ఆ మాట రాయడు.

ఆ పొడిపొడి రికార్డు నుంచి వచ్చినవి ఈ పుస్తకంలో గట్టి భాగాలు. ఫలానా ఏడు ఫలానా రాజ్యాన్ని జయించారు, చక్రవర్తి ఫలానా దారిన పర్యటించాడు, ఫలానా పదవికి పేరు మార్చారు, ఇలాంటివి. చక్రవర్తి కొండల మీద చెక్కించిన శాసనాల్లో ఆరింటి పాఠం కూడా సిమా చియాన్ ఎత్తి రాశాడు. తాయ్ పర్వత శాసనం ముక్క ఒకటి ఇప్పటికీ తాయ్‌ఆన్‌లోని గుడిలో ఉంది, పది అక్షరాలు మిగిలాయి. లాంగ్యా శాసనం ముక్క బీజింగ్ మ్యూజియంలో ఉంది. శాసనం ఉంది కదా అని అందులో రాసింది నిజమైపోదు. "ప్రజలంతా సుఖంగా ఉన్నారు" అని రాజు రాయించుకున్నాడంటే, రాజు అలా చెప్పుకోదలిచాడని మాత్రమే రుజువు. అయినా ఆయన తన గురించి ఏం చెప్పుకున్నాడో ఆయన మాటల్లోనే దొరకడం చిన్న సంగతి కాదు.

నకళ్లు రాసేవాళ్ల లేఖక దోషాలు వేరు. దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. 'షి జీ' ప్రతుల్లో చిన్ ప్రధానమంత్రి పేరు వెయ్ లిన్ అని ఉంది. క్రీ.శ. 582లో చాంగ్‌ఆన్‌లో ఎవరో తవ్వుతుంటే చిన్ కాలపు ఇనుప తూకపు రాయి దొరికింది. దేశమంతా తూనికలు, కొలతలు ఒక్కటి చెయ్యాలని క్రీ.పూ. 221లో చక్రవర్తి ఇచ్చిన ఆజ్ఞ దాని మీద చెక్కి ఉంది. అందులో మంత్రి పేరు జువాంగ్. ఆ రెండు అక్షరాలూ చూపుకు దగ్గరగా ఉంటాయి, నకలు రాసినవాడు ఒకదానికి ఇంకోటి రాశాడు. యెన్ జ్‌త్వీ అనే పండితుడు అప్పుడే ఈ తప్పు పట్టుకుని రాసిపెట్టాడు. పద్నాలుగు వందల ఏళ్ల కిందటే ఒక మనిషి పుస్తకాన్ని వస్తువుతో పోల్చి సరిదిద్దాడు! ఈ జువాంగ్ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు కథల సంగతి. చక్రవర్తి తండ్రి ఎవరనే గొడవ మీరు వినే ఉంటారు. 85వ అధ్యాయం ప్రకారం, లూ బువెయ్ అనే వ్యాపారి అప్పటికే తనవల్ల గర్భవతి అయిన స్త్రీని చిన్ రాకుమారుడికి అప్పగించాడు, పుట్టిన బిడ్డే తర్వాత చక్రవర్తి అయ్యాడు. ఆరో అధ్యాయం ఈ గర్భం మాటే ఎత్తదు. లూ బువెయ్ దగ్గరున్న స్త్రీని రాకుమారుడు ఇష్టపడి పెళ్లాడాడు, కొడుకు పుట్టాడు, అంతే. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. పైగా 85వ అధ్యాయంలోనే బిడ్డ నిండు నెలలు గడిచాకే పుట్టాడన్నట్టు ఉంది. ముందే గర్భం ఉంటే ఆ లెక్క కుదరదు. అదే కాలంలో చూ రాజ్యంలో చున్‌షెన్ ప్రభువు గర్భవతిని రాజుకు ఇచ్చి తన కొడుకును గద్దె ఎక్కించాడనే కథ 78వ అధ్యాయంలో అచ్చంగా ఇలాగే ఉంది. లూ బువెయ్ కథే ఇంకో పాత సంకలనంలో చెప్పినప్పుడు ఈ గర్భం సంగతి లేదు. అందుకే చాలామంది పరిశోధకులు దీన్ని ప్రక్షిప్తమో (అంటే తర్వాత ఎవరో చేర్చినదో), పుక్కిటి పురాణమో అంటారు. నా అభిప్రాయమూ అదే. తల్లి కడుపులో జరిగిన సంగతి లూ బువెయ్‌కు, ఆమెకు తప్ప ఎవరికి తెలుస్తుంది? ఆ ఇద్దరూ బయట చెప్పుకుంటే తలలు పోయే సంగతి అది. సిమా చియాన్ దాకా రావడానికి దారి ఏదీ కనబడదు.

దీనికి ఎదురుగా, క్రీ.పూ. 227లో జింగ్ క అనే మనిషి రాజును కత్తితో పొడవబోయిన ఘట్టం చూడండి. సినిమా సీన్‌లాగా ఉంటుంది కాబట్టి ఇదే కల్పితమనిపిస్తుంది. కానీ ఇక్కడ సిమా చియాన్ తన మూలం చెప్పాడు. ఆ రోజు సభలో ఉండి, చేతిలోని మందుల సంచిని హంతకుడి మీదికి విసిరిన ఆస్థాన వైద్యుడు షియా వూజ్యూ. ఆయన్ని ఎరిగిన ఇద్దరు పెద్దలు తనకు ఈ సంగతి చెప్పారని రాశాడు. జింగ్ క రాజును గాయపరిచాడని జనం అనేది అబద్ధమని కూడా సరిదిద్దాడు. క్రీ.పూ. 227 నాటి వైద్యుణ్ని ఎరిగినవాళ్లను క్రీ.పూ. 145లో పుట్టినవాడు కలవడం కాలం లెక్కలో కష్టమే కాబట్టి, ఇక్కడ "నాకు" అన్నది తండ్రి సిమా తాన్ అయి ఉండొచ్చని కొందరంటారు. ఏదైనా, కళ్లారా చూసినవాడికీ రాసినవాడికీ మధ్య ఉన్నది ఒక్క మెట్టు. నాటకంలా ఉంది కాబట్టి అబద్ధమని, పొడిగా ఉంది కాబట్టి నిజమని అనుకోకూడదని నేను నేర్చుకున్నది ఈ రెండు కథల వల్లే.

మీరు అడిగిన అసలు విషయానికి వస్తాను. పుస్తకాలు తగలబెట్టడం జరిగిందనే నా నమ్మకం. కారణం, 'షి జీ'లో మంత్రి లీ సీ రాజుకు ఇచ్చిన విన్నపమే పూర్తిగా ఉంది. అందులో మినహాయింపులు ఉన్నాయి: వైద్యం, జోస్యం, వ్యవసాయం పుస్తకాలు ఉంచుకోవచ్చు, చిన్ రాజ్య చరిత్ర ఉంచుకోవచ్చు, ఆస్థాన పండితుల దగ్గర ఉన్న ప్రతులకు ఢోకా లేదు. ముప్ఫై రోజుల్లో తగలబెట్టనివాళ్ల ముఖం మీద పచ్చపొడిచి కూలిపనికి పంపాలి. దుష్ప్రచారం కోసం కథ అల్లేవాడు ఇన్ని మినహాయింపులు పెట్టడు. ఇది దఫ్తరం భాష. మినహాయింపులను బట్టి ఇంకో సంగతి తెలుస్తుంది: వాళ్ల ఉద్దేశం చదువును చంపడం కాదు, పాత పుస్తకాలు చూపించి ఇప్పటి ప్రభుత్వాన్ని తప్పుపట్టే జనం నోరు మూయించడం, చదువును రాజు గుప్పిట్లో పెట్టుకోవడం. అది దారుణం కాదని నేను అనను. ఆ ఆస్థాన ప్రతులు ఏమయ్యాయి? షియాంగ్ యూ పెట్టిన మంటలో చాలావరకు పోయి ఉండాలి. పుస్తకాలు పోయిన పాపంలో ఆయన వాటా ఎంతో జనం మర్చిపోయారు, నింద అంతా చిన్ చక్రవర్తి నెత్తినే పడింది.

460 మంది సంగతి అంత తేలిక కాదు. క్రీ.పూ. 212లో హోవ్, లూ అనే ఇద్దరు మాంత్రికులు అమరత్వపు మందు తెస్తామని డబ్బు తీసుకుని, రాజును తిట్టి పారిపోయారు. రాజుకు కోపం వచ్చి రాజధానిలో విచారణ పెట్టించాడు, ఒకళ్ల మీద ఒకళ్లు చెప్పుకున్నారు, 460 మందికి పైగా దొరికారు, వాళ్లందరినీ చంపించాడు. ఇదీ ఆరో అధ్యాయంలో ఉన్నది. అక్కడ వాడిన మాటకు "చదువుకున్నవాళ్లు" అని అర్థం, కన్ఫ్యూషియస్ శిష్యులని ఖచ్చితంగా కాదు. పెద్ద కొడుకు ఫూసూ మాత్రం "వీళ్లంతా కన్ఫ్యూషియస్‌ను అనుసరించేవాళ్లు" అని తండ్రికి అడ్డుచెప్పినట్టు ఉంది. 121వ అధ్యాయంలో అదే సంగతి "మంత్రవిద్యల వాళ్లను" చంపాడని ఉంది. "పుస్తకాలు కాల్చి, కన్ఫ్యూషియన్లను పూడ్చిన" అని ఒక్క ఊపులో చెప్పే మాట తర్వాత్తర్వాత వాడుకలోకి వచ్చింది.

"బతికుండగానే పాతిపెట్టాడు" అన్నది కూడా అనువాదం చేసిన పని. అక్కడున్న క్రియ 'కెంగ్'. గొయ్యి అని అర్థం, క్రియగా గోతిలో వేసి చంపడం, ఉచ్చులో పెట్టి చంపడం, మూకుమ్మడిగా చంపడం అన్నీ అవుతుంది. క్రీ.పూ. 260లో చాంగ్‌పింగ్ దగ్గర లొంగిపోయిన సైనికులను చిన్ సేనాని చంపించినప్పుడూ ఇదే మాట వాడారు. 1995లో అక్కడ తవ్విన ఒక గోతిలో సుమారు 130 మంది ఎముకలు దొరికాయి. చాలా ఎముకల మీద ఆయుధాల గాట్లున్నాయి, అంటే ముందు చంపి తర్వాత గోతిలో పడేశారు. 460 మంది విషయంలోనూ ఆ మాటకు అర్థం అంతే అయి ఉండొచ్చు. క్రీ.శ. మొదటి శతాబ్దం వచ్చేసరికి కథ ఎలా పెరిగిందో చూడండి. లీ పర్వతం దగ్గర వేడినీటి ఊటల లోయలో చలికాలంలో పుచ్చకాయలు కాశాయని చెప్పి, చూడమని 700 మంది పండితులను పిలిపించి, పైనుంచి మట్టి పోయించాడట! చిలవలు పలవలు రావడం అంటే ఇదే. 460 కాస్తా 700 అయింది, మాంత్రికులు కాస్తా పండితులయ్యారు.

ఇంకో సాక్ష్యం 'షి జీ'లోనే 99వ అధ్యాయంలో ఉంది, అయినా దీన్ని ఎవరూ పట్టించుకోరు. క్రీ.పూ. 209లో తిరుగుబాటు కబురు రాగానే రెండో చక్రవర్తి (మొదటి చక్రవర్తి కొడుకు హూహాయ్) ఆస్థాన పండితులను, కన్ఫ్యూషియన్లను పిలిచి సలహా అడిగాడు. ముప్ఫై మందికి పైగా వచ్చారు. వాళ్లలో ఒకడైన షూసున్ తోంగ్ తర్వాత హాన్ స్థాపకుడికి రాజసభ మర్యాదలు నేర్పాడు. మూడేళ్ల కిందట కన్ఫ్యూషియన్లను వెతికి వెతికి చంపి ఉంటే, ఈ ముప్ఫై మంది రాజు ముందు ఎలా నిలబడ్డారు? రాజధానిలో ఒక మూకుమ్మడి హత్య జరిగిందని, చచ్చినవాళ్లలో రకరకాల చదువుల వాళ్లు ఉన్నారని, అది ఒక మతం మీదనో సిద్ధాంతం మీదనో చేసిన నిర్మూలన కాదని నేను అనుకుంటున్నాను. మా విద్యార్థులకు "460 మంది కన్ఫ్యూషియన్ పండితులను సజీవ సమాధి చేశాడు" అని చాలా ఏళ్లు నేనే నేర్పాను. మూలంలో ఒక్కో అక్షరం చూశాక ఆ వాక్యంలో సంఖ్య ఒక్కటే మిగిలింది.

ఇక్కడివరకు పుస్తకాన్ని పుస్తకంతోనే పోల్చాం. గత యాభై ఏళ్లలో భూమిలోంచి బయటపడిన వెదురు బద్దలు, చెక్క పలకలు వచ్చాక ఈ పని స్వరూపమే మారింది. అప్పట్లో కాగితం లేదు, సన్నని వెదురు బద్దల మీద సిరాతో రాసి తాడుతో కట్టేవాళ్లు. 2002లో హునాన్ రాష్ట్రంలోని లీయె ఊళ్లో ఒక పాత బావిలో 36,000కు పైగా దొరికాయి, అన్నీ చిన్ కాలపు ఒక చిన్న తాలూకా ఆఫీసు కాగితాలు. అందులో ఒక పలక మీద, ఏ మాటలు మానేసి ఏవి వాడాలో జాబితా ఉంది. పందికి ఇంతకుముందు మాట వద్దు, ఇంకో మాట వాడండి అని కూడా ఉంది. చక్రవర్తి తండ్రికి "మహా పితృ చక్రవర్తి" లాంటి బిరుదు ఇచ్చినట్టు 'షి జీ'లో ఉన్నది, ఆ జాబితాలోనూ ఉంది. అమరత్వపు మందు వెతకమన్న ఆజ్ఞకు, మా దగ్గర దొరకలేదని ఊళ్లు రాసిన జవాబులు కూడా ఆ బావిలోనే ఉన్నాయి. కాబట్టి ఆ పిచ్చి సిమా చియాన్ కల్పించింది కాదు.

కొన్నిచోట్ల మాత్రం బద్దలు పుస్తకానికి పూర్తిగా ఎదురు తిరుగుతాయి. క్రీ.పూ. 219లో చక్రవర్తి దక్షిణానికి వెళ్లినప్పుడు షియాంగ్ పర్వతం దగ్గర పెద్ద గాలి వీచి నది దాటడం కష్టమైందని, ఇక్కడ ఏ దేవత ఉందని అడిగితే పండితులు పురాణకాలపు షున్ రాజు భార్యల గుడి అని చెప్పారని, కోపంతో 3,000 మంది ఖైదీలను పంపి కొండ మీద చెట్లన్నీ నరికించి, కొండకు ఎర్ర రంగు పూయించాడని 'షి జీ' చెబుతుంది. నియంత అహంకారానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదని ఈ కథను అందరూ చెబుతారు. ఇప్పుడు యువెలూ అకాడమీ అనే విద్యాసంస్థ దగ్గర ఉన్న చిన్ కాలపు బద్దల్లో ఒక రాజాజ్ఞ బయటపడింది. రాజు అదే కొండ ఎక్కి, చెట్లు ఎంత అందంగా ఉన్నాయో అని, వీటిని నరకకుండా నిషేధించండి అని ఆజ్ఞ ఇస్తాడు! ఆ ఆజ్ఞ అందుకున్న ప్రధానమంత్రులు జువాంగ్, వాన్. తూకపు రాయి మీద ఉన్న అదే జువాంగ్.

నేను ఇది మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు వేరే పని చెయ్యలేకపోయాను. కానీ వెంటనే "కథ అబద్ధమని తేలిపోయింది" అనకూడదు. ఆ బద్దల మీద ఉన్న ఏడాది అంకెను ఎలా చదవాలనే విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. అది 'షి జీ' చెప్పే పర్యటన కాకపోవచ్చు. పైగా ఆ బద్దలు తవ్వకంలో దొరికినవి కావు, 2007లో హాంకాంగ్ పాతవస్తువుల మార్కెట్‌లో కొన్నవి. ఎక్కడ, ఏ సమాధిలో, ఏ వస్తువుల పక్కన ఉన్నాయో ఎప్పటికీ తెలియదు. బద్దలు నిజమైనవేనని పరిశోధకులు నమ్ముతున్నారు, నేనూ నమ్ముతాను. అయినా సమాధి నుంచి దొంగిలించి అమ్మినవాళ్లు మనకు కలిగించిన నష్టం అది. అవన్నీ లెక్కలో వేసుకున్నాక కూడా నా మొగ్గు రాజాజ్ఞ వైపే. చెట్లు నరకొద్దన్న ఆజ్ఞ ఆఫీసు కాగితంగా వచ్చింది. నరికించాడన్న కథ నూరేళ్లు నోటి మీద తిరిగి వచ్చింది.

చక్రవర్తి మరణం విషయంలోనూ ఇలాంటి చిక్కే. 'షి జీ' ప్రకారం ఆయన పర్యటనలో ఉండగా షాచ్యూలో చనిపోయాడు. అంత్యక్రియలకు రాజధానికి రమ్మని పెద్ద కొడుకు ఫూసూకు రాయించిన ఉత్తరాన్ని ఆస్థాన అధికారి జావ్ గావ్, మంత్రి లీ సీ, చిన్న కొడుకు హూహాయ్ కలిసి దాచేసి, దొంగ వీలునామా పుట్టించారు. ఎండాకాలం శవం కంపు తెలియకుండా బండ్లలో ఉప్పుచేపలు వేశారు. 87వ అధ్యాయంలో జావ్ గావ్, లీ సీ గుట్టుగా మాట్లాడుకున్నది నాటకంలో సంభాషణలాగా మాటకు మాట ఉంది. ఈ కుట్ర తెలిసింది ఆ ముగ్గురికీ, ఐదారుగురు అంతఃపుర సేవకులకూ మాత్రమేనని 'షి జీ'యే చెబుతుంది. క్రీ.పూ. 207 కల్లా ముగ్గురూ చచ్చిపోయారు. మరి ఆ సంభాషణ ఎవరు విన్నారు, ఎవరు చెప్పారు?

2009లో పెకింగ్ యూనివర్సిటీకి చేరిన హాన్ కాలపు బద్దల్లో దాదాపు 50 బద్దల చిన్న రచన ఒకటుంది, సుమారు 1,500 అక్షరాలు. అందులో కుట్ర లేదు. రోగంతో ఉన్న రాజు వారసుడు ఎవరని అడుగుతాడు, లీ సీ వాళ్లు హూహాయ్ పేరు చెబుతారు, రాజు సరే అంటాడు. ఆ రచన ఆయన్ని చక్రవర్తి అని కూడా అనదు, "చిన్ రాజు" అంటుంది. జావ్ గావ్‌ను చంపింది కూడా వేరే మనిషి అంటుంది. 2013లో హునాన్‌లోని యీయాంగ్‌లో ఒక బావిలో దొరికిన పలక మీద రెండో చక్రవర్తి పాలన మొదటి ఏడాది ప్రకటన ఉంది: నేను తండ్రి వీలునామా ప్రకారమే రాజునయ్యాను అని.

ఈ రెండూ రాగానే పత్రికల్లో "సిమా చియాన్ తప్పు" అని పెద్ద అక్షరాలతో వచ్చింది. నేను ఒప్పుకోను. దొంగ వీలునామాతో రాజైనవాడు కూడా "వీలునామా ప్రకారమే" అంటాడు కదా, ఇంకేమంటాడు? పెకింగ్ రచన కూడా హాన్ కాలంలో నీతి చెప్పడానికి రాసిన కథే, దానికి ప్రత్యేకమైన మూలమేదీ కనబడదు. ఇవి మనకు చెప్పేది ఒక్కటే. సిమా చియాన్ కాలానికి చక్రవర్తి మరణం గురించి కనీసం రెండు కథలు నడుస్తున్నాయి, ఆయన ఒకటి ఎంచుకున్నాడు. ఎందుకు ఎంచుకున్నాడో చెప్పలేదు. ఇక్కడ నేను ఏ పక్షానా నిలబడను.

చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన మట్టి సైన్యం గురించి 'షి జీ'లో ఒక్క మాట లేదు. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడేదాకా ఎవరికీ తెలియదు. అదే పుస్తకం సమాధిలో పాదరసం నదులున్నాయని చెప్పింది, మట్టిదిబ్బ మీద పరీక్షలు చేస్తే మామూలు కంటే ఎక్కువ పాదరసం తేలింది. మౌనంగా ఉన్నంత మాత్రాన లేనట్టు కాదు, నమ్మశక్యంగా లేనంత మాత్రాన అబద్ధమూ కాదు. చిన్ చక్రవర్తి కట్టించడం మొదలుపెట్టిన అఫాంగ్ రాజభవనం దానికి తలకిందులు. షియాంగ్ యూ దాన్ని తగలబెట్టాడని చైనాలో పిల్లలకు కూడా తెలుసు, కానీ ఈ శతాబ్దం మొదట్లో తవ్వితే కాలిన గుర్తులే లేవు, దిమ్మె తప్ప పైన భవనం పూర్తయిన జాడే లేదు. ఈ తప్పు సిమా చియాన్‌ది కాదు. భవనం పూర్తి కాలేదని ఆయనే రాశాడు. దాన్ని కట్టి, కాల్చింది వెయ్యేళ్ల తర్వాతి టాంగ్ కాలపు కవిత్వం.

చివరిగా, ఆలస్యమైతే తల తీసే చట్టం సంగతి. చిన్ వంశం మీద చెన్ షెంగ్ అనే మనిషి లేవదీసిన తిరుగుబాటుకు కారణం అదేనని అందరూ చదువుతారు. క్రీ.పూ. 209లో 900 మంది సరిహద్దు కాపలాకు వెళ్తుంటే వానలకు దారి మూసుకుపోయింది, సమయానికి చేరకపోతే చట్టప్రకారం అందరికీ మరణశిక్ష, ఎలాగూ చావే కాబట్టి తిరగబడ్డారు అని 'షి జీ'. 1975 డిసెంబరులో హూబెయ్ రాష్ట్రం యున్‌మెంగ్‌లో ష్వేహూదీ దగ్గర 11వ నంబరు సమాధిలో 1,100కు పైగా వెదురు బద్దలు దొరికాయి. అందులో అసలు చిన్ చట్టాలున్నాయి. ప్రభుత్వ పనికి వెళ్లేవాళ్లు మూడు నుంచి ఐదు రోజులు ఆలస్యమైతే మందలింపు, ఆరు నుంచి పది రోజులైతే ఒక డాలు ఖరీదు జరిమానా, ఇంకా ఎక్కువైతే ఒక కవచం. వాన వల్ల పని ఆగితే రద్దు. మరణశిక్ష లేదు. అది కూలిపని చట్టం, చెన్ షెంగ్ వాళ్లు వెళ్లింది సైనిక కాపలాకు, దానికి చట్టం వేరే అయి ఉండొచ్చని ఒక వాదన ఉంది, అది న్యాయమైన వాదనే. "చట్టం ప్రకారం చావే" అన్నది 'షి జీ'లో సిమా చియాన్ కథనంలోనూ ఉంది, తిరుగుబాటు నాయకుడు తన మనుషులను రెచ్చగొట్టడానికి అన్న మాటల్లోనూ ఉంది. ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో చూడకుండా మనం దాన్ని చిన్ చట్టంగా పాఠ్యపుస్తకాల్లో పెట్టుకున్నాం.

ఆ సమాధిలోని మనిషి పేరు షీ. క్రీ.పూ. 262లో పుట్టాడు, చక్రవర్తి కంటే మూడేళ్లు పెద్ద. జిల్లా స్థాయిలో చిన్న ఉద్యోగి, కేసుల విచారణ కూడా చేశాడు. తన చట్టాల కట్టలను శవపేటికలో ఒంటి చుట్టూ పెట్టించుకుని క్రీ.పూ. 217లో మట్టిలో కలిశాడు. ఆ కట్టల్లో ఒక చిన్న కాలపట్టిక ఉంది, ఏడాదికో గీత. ఒక గీతలో యుద్ధం, ఒక గీతలో కొడుకు పుట్టడం, ఒక గీతలో కొత్త ఉద్యోగం. ఆయన హాన్ వంశాన్ని ఎరగడు, సిమా చియాన్‌ను ఎరగడు, ఎవరినీ పొగడాల్సిన అవసరం లేదు, తిట్టాల్సిన అవసరమూ లేదు. రాజు పాలన 28వ ఏడు, అంటే క్రీ.పూ. 219 గీతలో నాలుగే అక్షరాలు రాశాడు: ఇప్పటి రాజు ఆన్‌లూ మీదుగా వెళ్లాడు. ఆ ఏడు చక్రవర్తి షియాంగ్ పర్వతం నుంచి నాన్ జిల్లా మీదుగా రాజధానికి తిరిగి వెళ్లాడని 'షి జీ' రాసింది. ఆన్‌లూ ఉన్నది నాన్ జిల్లాలోనే.